జరిమానా పెంచినంత మాత్రాన సాక్ష్యం పుట్టదు

మూగజీవిని హింసించే వీడియో ఒకటి సెల్‌ఫోన్లలో చక్కర్లు కొట్టిన ప్రతిసారీ అదే ప్రశ్న వినిపిస్తుంది: ఇంత దారుణానికి శిక్ష యాభై రూపాయలేనా? 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి ఒక కుక్కను మేడ మీది నుంచి విసిరేసిన దృశ్యం బయటపడ్డప్పుడూ దేశమంతా ఇదే అడిగింది. ప్రశ్న న్యాయమైనదే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ అదే నేరానికి పాల్పడితే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. రూపాయి విలువ ఎంత పడిపోయినా ఈ అంకెలు అక్కడే ఉన్నాయి. వీటిని భారీగా పెంచాలంటూ కేంద్రం 2022 నవంబరులో ఒక సవరణ ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. చర్చ అంతా అప్పటినుంచి ఆ అంకెల చుట్టూనే తిరుగుతోంది. కానీ వీడియో దొరికే కేసులు అరుదు. పెంపుడు జంతువుపై హింస చాలావరకు నాలుగు గోడల మధ్య, దానికి అన్నం పెట్టే చేతులతోనే జరుగుతుంది. బాధపడ్డ ప్రాణి మాట్లాడలేదు. చూసినవాళ్లు ఇంట్లోవాళ్లే. కొట్టినవాడే చాలాసార్లు యజమాని. ఆ ఇంటికి బయటివాళ్లలో ఆ ఒంటి మీద చేయి వేసి, లోపలి ఎముకను ఎక్స్‌రేలో చూసి, చెప్పిన కథకూ కనిపిస్తున్న గాయానికీ పొంతన ఉందో లేదో తేల్చగలిగిన మనిషి పశువైద్యుడు ఒక్కడే. ఆయన అనుమానానికి చట్టంలో చోటు, ఆయన నివేదికకు రక్షణ కల్పించకుండా జరిమానాను యాభై నుంచి యాభై వేలకు పెంచినా కోర్టుదాకా వెళ్లే కేసుల సంఖ్య పెద్దగా మారదు.

శిక్ష చిన్నదన్న ఫిర్యాదు కంటే లోతైన చిక్కు చట్టం అల్లికలోనే ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. వినడానికి గట్టిగానే ఉంది. అయితే ఆ సెక్షన్ ఉన్నది ఆస్తి నేరాల అధ్యాయంలో. ఎవరికో నష్టం చేయాలన్న ఉద్దేశమే దానికి ఆయువుపట్టు. పొరుగింటి కుక్కకు విషం పెట్టినవాడికి అది చక్కగా అతుకుతుంది. తన కుక్కనే తాను కర్రతో బాదినవాడికి అతికించడం కష్టం. కంచే చేను మేసిన చోట మిగిలేది మళ్లీ 1960 చట్టమే. ఆ చట్టంలోని 31వ సెక్షన్ చూస్తే, క్రూరంగా చంపడం, అవయవాలు తెగ్గొట్టడం, జంతువుల పందేలు పోట్లాటలు పెట్టడం వంటి కొన్నింటిలోనే పోలీసులు తమంత తాము దర్యాప్తు చేయగలరు. కొట్టడం, తన్నడం, తిండీ నీళ్లూ పెట్టకపోవడం, రోజుల తరబడి గొలుసుతో కట్టేయడం ఆ జాబితాలో లేవు. వాటిలో దర్యాప్తుకు మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌తో పాటే జంతువులపై లైంగిక హింసకు ఉన్న ప్రత్యేక శిక్ష కూడా కొత్త సంహితలో మాయమైంది. ఇవన్నీ దాటినా 36వ సెక్షన్ కాచుకుని ఉంటుంది: నేరం జరిగిన మూడు నెలల తర్వాత ప్రాసిక్యూషన్ మొదలుపెట్టడానికి వీల్లేదు. ఇన్ని అడ్డుగోడలున్న కేసు నిలబడాలంటే జంతువు ఆస్పత్రికి వచ్చిన రోజునే ఫొటోలు, ఎక్స్‌రేలు, రాతపూర్వక వివరాలతో పక్కా వైద్య నివేదిక సిద్ధం కావాలి. తర్వాత తీరిగ్గా సేకరించడానికి గాయాలు ఆగవు, మానిపోతాయి.

పశువైద్యుడు గాయాన్ని చదవగలడా అన్నది మొదటి సందేహం. మనుషుల వైద్యం ఇదే దారిలో ఎలా నడిచిందో గుర్తుచేసుకోవాలి. కొందరు పసిపిల్లల్లో తల లోపలి రక్తస్రావంతో పాటు కాళ్ల, చేతుల పొడవాటి ఎముకలు విరిగి ఉండటాన్ని అమెరికా రేడియాలజిస్టు జాన్ కాఫీ 1946లోనే రాశాడు. పెద్దల చేతులే అందుకు కారణమని వైద్యలోకం బాహాటంగా ఒప్పుకోవడానికి మరో పదహారేళ్లు పట్టింది. 1962లో హెన్రీ కెంప్ బృందం దెబ్బలు తిన్న పిల్లల లక్షణాలన్నిటినీ ఒక్కచోట చేర్చి పేరు పెట్టిన తర్వాత ఐదేళ్లకే అమెరికాలోని రాష్ట్రాలన్నీ వైద్యులు ఇలాంటి కేసులను తెలియజేయాలంటూ చట్టాలు తెచ్చాయి. అంతకుముందు ఆ గాయాలు లేవని కాదు, వాటిని చూడటానికి వైద్యుల మనసు ఒప్పుకోలేదు. పశువైద్యంలో అలాంటి మలుపు 2001లో వచ్చింది. బ్రిటన్‌లో హెలెన్ మన్రో, మైకెల్ త్రస్‌ఫీల్డ్ వెయ్యిమంది పశువైద్యులకు ప్రశ్నావళి పంపి, ప్రమాదవశాత్తు కాని గాయాల కేసులు 448 సేకరించారు. ఎక్కువ కుక్కలు, ఆ తర్వాత పిల్లులు. జవాబిచ్చిన వైద్యుల్లో దాదాపు సగం మంది తమ దగ్గరికి అలాంటి కేసు వచ్చిందని, లేదా అనుమానించామని చెప్పారు. అనుమానం ఎందుకు కలిగిందని అడిగితే వచ్చిన జవాబులు పిల్లల వైద్యులు చెప్పేవాటికి చాలా దగ్గరగా ఉన్నాయి: గాయానికి సరిపోని కథ, అడిగిన ప్రతిసారీ మారే కథ, అదే ఇంట్లో అంతకుముందు మరో జంతువు గాయపడటమో చనిపోవడమో, యజమానిని చూసి ముడుచుకుపోయే కుక్క.

ఆ తర్వాతి పరిశోధనలు ఇంకాస్త ముందుకు వెళ్లాయి. కుక్కను కొట్టినవాడు ఆస్పత్రిలో ఎక్కువగా చెప్పే అబద్ధం ‘బండి గుద్దింది’ అన్నదే కాబట్టి, నిజంగా వాహనాలు గుద్దిన జంతువులనూ కొట్టడం వల్ల గాయపడ్డట్టు తేలిన జంతువులనూ పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం 2016లో అమెరికాలో వెలువడింది. వాహన ప్రమాదాల్లో కటి ఎముక విరగడం, ఊపిరితిత్తులు నలిగిపోవడం, చర్మం గీరుకుపోవడం, తోలు ఊడిపోవడం ఎక్కువ. దెబ్బలు తిన్నవాటిలో పుర్రె, పళ్లు, వెన్నుపూసలు దెబ్బతినడం, కంటి తెల్లగుడ్డులో రక్తం చేరడం, గోళ్లు చిట్లిపోవడం, అన్నిటికీ మించి వేర్వేరు కాలాల్లో విరిగి వేర్వేరు దశల్లో అతుక్కుంటున్న ఎముకలు కనిపించాయి. పక్కటెముకల తీరు కూడా వేరు: బండి గుద్దితే సాధారణంగా ఒకవైపు, ముందు భాగంలో విరుగుతాయి, కొడితే రెండువైపులా, ఒక క్రమం లేకుండా. ఇది రుజువు కాదు, అనుమానానికి ఆధారం. ఆ తేడాను పశువైద్యుడు మరచిపోతే నిర్దోషి బలవుతాడు. మన వాతావరణంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఉత్త అన్నంతోనో ఉత్త మాంసంతోనో పెరిగిన కుక్కపిల్లకు కాల్షియం చాలక ఎముకలు గుల్లబారి, సోఫా మీది నుంచి దూకినా విరుగుతాయి. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోయి ఒళ్లంతా కమిలిన మచ్చలు తేలుతాయి. ఎలుకల మందు తిన్న కుక్కకు లోపల రక్తం కారుతుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి పడ్డ పిల్లికి దవడ పగులుతుంది. రక్తపరీక్ష చేయకుండా, మేత గురించి అడగకుండా ‘కొట్టారు’ అని రాసే డాక్టరు, చూసీ చూడనట్టు కట్టుకట్టి పంపే డాక్టరు ఇద్దరూ ప్రమాదకరమే.

ఈ కారణంగానే వైద్యం చేసే డాక్టరు, దర్యాప్తులో పాల్గొనే డాక్టరు ఒకరే కాకూడదు. మన చర్చలో బొత్తిగా కనిపించని విషయం ఇది. చికిత్స చేసే వైద్యుడి పని అనుమానాన్ని గుర్తించడం, భద్రంగా నమోదు చేయడం, తెలియజేయడం. అంతటితో ఆయన తప్పుకోవాలి. నిర్ధారించడం శిక్షణ పొందిన మరో వైద్యుడి పని. జర్మనీ ఈ విభజనను స్పష్టంగా చేసింది. అక్కడ జంతు సంరక్షణ చట్టం అమలు అధికార పశువైద్యుల భుజాల మీద ఉంటుంది; జంతువు తీవ్రంగా నిర్లక్ష్యానికి గురైందని ఆ అధికారి అభిప్రాయం ఇస్తే ప్రభుత్వ యంత్రాంగం దాన్ని యజమాని నుంచి స్వాధీనం చేసుకోగలదు. 2002లో ఆ దేశం జంతు రక్షణను రాజ్యాంగంలోని 20ఏ అధికరణంలో చేర్చింది. బ్రిటన్‌లో 2006 నాటి జంతు సంక్షేమ చట్టం ప్రకారం జంతువు బాధపడుతోందని పశువైద్యుడు ధ్రువీకరిస్తే ఇన్‌స్పెక్టరో పోలీసో దాన్ని అక్కడికక్కడే తీసుకెళ్లవచ్చు. గరిష్ఠ జైలు శిక్షను ఆరు నెలల నుంచి ఐదేళ్లకు పెంచే చట్టం ఆ దేశంలో 2021లో గానీ రాలేదు. వాళ్లు ముందు పశువైద్యుడి మాటకు బలమిచ్చి, పదిహేనేళ్ల తర్వాత శిక్ష పెంచారు. మనం ఆ రెండో మెట్టు గురించే మాట్లాడుతున్నాం.

తెలియజేయడాన్ని తప్పనిసరి చేయాలా, స్వేచ్ఛకు వదలాలా అన్నచోట దేశాలు ఏకాభిప్రాయంతో లేవు. బ్రిటన్‌లో పశువైద్యుల వృత్తి మండలి మధ్యేమార్గం పట్టింది: ముందు యజమానితో మాట్లాడాలి, అది పనికిరాదనుకుంటే ప్రజాప్రయోజనం కోసం గోప్యతను పక్కనపెట్టి అధికారులకు చెప్పవచ్చు. కెనడాలోని ఒంటారియోలో పశువైద్యులకు ఇది చట్టం ప్రకారం విధి. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. కాలిఫోర్నియాలో తప్పనిసరి, సదుద్దేశంతో చెప్పినవారికి దావాల నుంచి రక్షణ కూడా ఉంది. కెంటకీలో 2020 దాకా పరిస్థితి తలకిందులు: యజమాని అనుమతో కోర్టు ఆదేశమో లేకుండా పశువైద్యుడు నోరు విప్పడమే చట్టవిరుద్ధం. జంతువును హింసించినవాడి అనుమతి తీసుకుని అతని మీదే ఫిర్యాదు చేయాలన్నమాట! ఆ ఏడాది చట్టం మార్చి వైద్యులకు మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చారు. లెక్కల విషయంలోనూ అమెరికా ఒక అడుగు వేసింది. ఎఫ్‌బీఐ 2016 నుంచి జంతు హింసను తన నేర గణాంకాల్లో ప్రత్యేక పద్దుగా నమోదు చేస్తోంది. అంతకుముందు అది ‘ఇతరాలు’లో కలిసిపోయేది.

తప్పనిసరి చేస్తే యజమానులు ఆస్పత్రికి రావడమే మానేస్తారు, చివరికి నష్టపోయేది జంతువే అన్నది పశువైద్యుల నుంచే వచ్చే బలమైన అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. అయితే ఇదే భయం పిల్లల విషయంలోనూ వినిపించింది. మన పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసిన ప్రతి ఒక్కరూ, వైద్యులతో సహా, పోలీసులకు చెప్పి తీరాలంటోంది; సదుద్దేశంతో చెప్పినవారికి సివిల్, క్రిమినల్ బాధ్యత లేకుండా రక్షణ ఇస్తోంది. అందుకని తల్లిదండ్రులు పిల్లల్ని ఆస్పత్రికి తీసుకురావడం మానలేదు. పైగా జంతువును తీసుకొచ్చే మనిషి, కొట్టిన మనిషి ఒకరే కావాలని లేదు. భర్త తన్నిన కుక్కను భార్య తీసుకొస్తుంది, పనివాడు చేసిన గాయాన్ని యజమాని చూపిస్తాడు. అభ్యంతరంలోని నిజాన్ని గౌరవిస్తూనే ఒక గీత గీయవచ్చు. ఉద్దేశపూర్వక హింస, లైంగిక హింస, విషప్రయోగం, పందేల కోసం జంతువులను వాడటం, ఈ నాలుగింటిలో సహేతుకమైన అనుమానం ఉంటే తెలియజేయడం తప్పనిసరి కావాలి. బక్కచిక్కడం, గజ్జి, మెడలో దిగబడిన పట్టీ వంటి నిర్లక్ష్యాల్లో నిర్ణయం వైద్యుడికి వదిలేయాలి, ఎందుకంటే వాటి వెనుక చాలాసార్లు ఉండేది అజ్ఞానమో పేదరికమో ముసలితనమో. వాటికి కేసు కంటే సలహా, మళ్లీ రమ్మని చెప్పిన తేదీ ఎక్కువ పనిచేస్తాయి. రెండోసారీ అదే స్థితిలో వస్తే లెక్క మారుతుంది. వృత్తి గోప్యత వాదం ఇంతకంటే బలహీనమైనది. గోప్యత రోగి మేలు కోసం పుట్టింది. ఇక్కడ రోగి కుక్క, రుసుము కట్టేది మనిషి. రెండింటికీ పొసగనప్పుడు రుసుము కట్టినవాడి వైపే నిలవాలని ఏ వైద్యనీతీ చెప్పదు.

జీవనాధారం, భద్రత గురించిన భయం మాత్రం అసలైనది. వీధి చివర చిన్న క్లినిక్ పెట్టుకున్న డాక్టరు ఊళ్లో పలుకుబడి ఉన్నవాడి మీద రాసిచ్చి అక్కడే బతకాలి. 1960 చట్టంలోని 40వ సెక్షన్ సదుద్దేశంతో చేసిన పనికి రక్షణ ఇస్తుంది గానీ, అది ప్రభుత్వ సేవకుల వరకే. హైదరాబాదులో గానీ విజయవాడ, విశాఖల్లో గానీ కుక్కలు, పిల్లులు ఎక్కువగా వెళ్లేది ప్రైవేటు క్లినిక్‌లకే. అంటే హింసను ముందుగా చూడగలిగిన వైద్యుడికే చట్టరక్షణ లేదు. ఎన్ని ముసాయిదాలు వచ్చినా ముందు చేర్చాల్సిన వాక్యం ఇదే: నమోదైన పశువైద్యుడెవరైనా సదుద్దేశంతో ఇచ్చిన సమాచారానికి అతనిపై దావా, కేసు, క్రమశిక్షణ చర్య చెల్లవు. దీనికి ఖజానా నుంచి పైసా ఖర్చు లేదు.

మనుషుల కష్టాలే తీరని దేశంలో కుక్కల గోడెందుకన్నది మరో అభ్యంతరం. దీనికి దయాగుణం పేరుతో జవాబు చెప్పనక్కర్లేదు. జంతువుపై చేయి లేచే ఇంట్లో ఆ చేయి అక్కడితో ఆగకపోవచ్చని సూచించే అధ్యయనాలు ఉన్నాయి. 1983లో న్యూజెర్సీలో పిల్లలపై హింస నమోదైన 53 కుటుంబాలను పరిశీలిస్తే, అరవై శాతం ఇళ్లలో పెంపుడు జంతువులపైనా హింస కనిపించింది. 1998లో ఫ్రాంక్ అసియోన్ యూటాలోని ఒక ఆశ్రయ గృహంలో మహిళలను అడిగితే, పెంపుడు జంతువులున్నవారిలో 71 శాతం మంది తమ భాగస్వామి వాటిని చంపుతాననో హింసిస్తాననో బెదిరించాడనో, ఆ పని చేశాడనో చెప్పారు. ఇవి చిన్న నమూనాలు, అప్పటికే హింసకు గురైన కుటుంబాల నుంచి తీసుకున్నవి. కుక్కను కొట్టే ప్రతివాడూ భార్యను కొడతాడని వీటి నుంచి తేల్చడం తప్పు. అయినా, గడపదాటని హింస గురించి బయటికి అందే తొలి సంకేతం ఒక్కోసారి వెటర్నరీ క్లినిక్‌లోనే దొరకవచ్చన్నది కాదనలేం. అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2006లోనే గృహహింస కేసుల్లో ఇచ్చే రక్షణ ఉత్తర్వుల్లో పెంపుడు జంతువులనూ చేర్చింది. కుక్కను వదిలి రాలేక, దాంతోపాటే ఆ ఇంట్లో ఉండిపోయే స్త్రీలను దృష్టిలో పెట్టుకుని చేసిన మార్పు అది. మన 2005 గృహహింస చట్టంలో పెంపుడు జంతువుల ప్రస్తావన లేదు.

పశువైద్యులకు ఇంత నేరశాస్త్రం ఎక్కడిదని పెదవి విరిచేవారు పల్లెల్లోని పశువైద్యశాలకు వెళ్లి చూడాలి. బీమా చేసిన గేదె చనిపోతే మన డాక్టరు చెవి ట్యాగు చూసి గుర్తుపట్టి, పోస్ట్‌మార్టం చేసి, మరణకారణం రాసి సంతకం పెడతాడు. వధశాలకు వెళ్లే పశువు వయసు తేలుస్తాడు. పట్టుబడ్డ మాంసం ఏ జంతువుదో తేల్చడానికి నమూనా పంపుతాడు. డబ్బుకు సంబంధించిన చోట పశువైద్య సాక్ష్యానికి పద్ధతి, ఫారం, సంతకం అన్నీ ఉన్నాయి. బాధకు సంబంధించిన చోట ఏదీ లేదు. పశువైద్య న్యాయశాస్త్రం డిగ్రీ పాఠ్యాంశాల్లో ఇప్పటికే ఉంది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్, కోరుట్ల కళాశాలల్లో దానికి పెంపుడు జంతువుల గాయాల అధ్యయనాన్ని జోడించడం కొత్త శాఖ పెట్టడం కాదు. విషప్రయోగం కేసుల్లో చేసే చిన్న పొరపాట్లే కేసును ముంచుతాయి: విసెరాను, అంటే లోపలి అవయవాల నమూనాలను, ఫార్మలిన్‌లో పెడితే విషపరీక్షకు పనికిరాదు, దాన్ని సంతృప్త ఉప్పునీటిలో ఉంచి, సీలు వేసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసి ఫోరెన్సిక్ ల్యాబుకు పంపాలి. దెబ్బల కేసుల్లో బొచ్చు కింద కమిలిన చోటు పైకి కనపడదు; పోస్ట్‌మార్టంలో చర్మం వలిచి లోపలివైపు చూడాలి. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో వీధి కుక్కలను కాల్చి చంపినప్పుడు చూసినట్టు, దేహంలోని తూటా జాగ్రత్తగా బయటికి రాకపోతే తుపాకీ ఎవరిదన్న ప్రశ్నకు జవాబుండదు. అవి వీధి కుక్కలే అయినా, కావాల్సిన నైపుణ్యం ఒకటే. జిల్లాకు ఒక్క పశువైద్యాధికారికి ఈ శిక్షణ ఇచ్చి, అనుమానం వచ్చిన ప్రైవేటు డాక్టరు ఫోన్ చేయగలిగే మనిషిగా నిలబెడితే చాలావరకు పని మొదలవుతుంది. ఊళ్లలో పశువులకు అంబులెన్సు పంపే 1962 నంబరు ఇప్పటికే ఉంది. ఫిర్యాదులకు మరో నంబరు కనిపెట్టే బదులు అక్కడే ఒక మీట అదనంగా పెట్టవచ్చు.

వృత్తి తన ఇల్లు కూడా చక్కబెట్టుకోవాలి. డాబర్‌మన్ చెవులు నిక్కబొడుచుకోవడానికి కోయించేవాళ్లు, తోక కత్తిరించేవాళ్లు నగరాల్లో ఇప్పటికీ ఉన్నారు. 1960 చట్టం కొమ్ములు తీయడం, వృషణాలు తీయడం, వాతలు వేయడం, ముక్కుతాడు వేయడం వంటివాటినే నిర్ణీత పద్ధతిలో మినహాయించింది. అందం కోసం చెవి కోయడం ఆ మినహాయింపుల్లో లేదు. అలాంటి కోత కోసే డాక్టరు సాక్షిగా బోనెక్కితే ఎదుటి న్యాయవాది మొదటి ప్రశ్న ఏమిటో ఊహించవచ్చు.

ఇవన్నీ సమకూరినా ఒక ప్రశ్న మిగులుతుంది. డాక్టరు తెలియజేశాక, నివేదిక వచ్చాక, ఆ జంతువు ఎక్కడుండాలి? 2017 నాటి కేసు జంతువుల సంరక్షణ నియమాల ప్రకారం, విచారణ ముగిసేదాకా దాన్ని ఆశ్రయ కేంద్రంలోనో జంతు సంక్షేమ సంస్థలోనో ఉంచి, ఖర్చును నిందితుడి నుంచే రాబట్టవచ్చు. 2001 నియమాలు జిల్లాకొక జంతు హింస నివారణ సంఘం ఉండాలన్నాయి. అనేక జిల్లాల్లో అది కాగితం మీద కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీయే తప్ప, కుక్కను ఉంచడానికి గదీ, దానికి అన్నం పెట్టే మనిషీ ఉన్న చోటు కాదు. ఆ గది లేనంతకాలం పోలీసులు స్వాధీనం చేసుకున్న జంతువును సాయంత్రానికి అదే యజమానికి జామీను మీద అప్పగించక తప్పదు. దాన్ని చూశాక ఆ డాక్టరు రెండో అనుమానాన్ని నమోదు పుస్తకంలో రాయకపోవచ్చు. కాబట్టి చట్టసవరణ కోసం ఢిల్లీ వైపు చూస్తూనే, రెండు తెలుగు రాష్ట్రాలూ వచ్చే బడ్జెట్లలో జిల్లాకొక చిన్న ఆశ్రయ కేంద్రానికి డబ్బు కేటాయించవచ్చు. ఆ పనికి పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు.